ముందు పట్టిక, తర్వాతే నవల

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. సంభాషణలు చురుగ్గా ఉన్నాయి, ఊరు కళ్ళకు కడుతోంది. హంతకుడెవరో మాత్రం నాలుగో అధ్యాయంలోనే తెలిసిపోయింది. అతిగా దాచావు, అందుకే. మిగతా వాళ్ళ గురించి పొద్దున తిన్న టిఫినుతో సహా చెప్పి, ఆ ఒక్కడి దగ్గరికి వచ్చేసరికి "మౌనంగా నవ్వాడు" అని ఊరుకున్నావు. రోజూ సస్పెన్స్ చదివేవాళ్ళకి అంతకంటే ఆనవాలు అక్కర్లేదు. దోషికి కూడా అందరిలాగే ఒక చిరాకు, ఒక అప్పు, కథలో ఒక పని ఉండాలి. ఆ పని లేకపోతే కథ ఆగిపోవాలి కూడా.

రాయడం ఓ వారం ఆపి పట్టిక గీయి. పెద్ద చార్టు తీసుకో. పక్కపక్కన పాత్రల పేర్లు, కిందికి తేదీలు, గంటలు. ఒక్కో గడిలో రెండే విషయాలు: ఆ గంటకి ఆ మనిషి ఎక్కడున్నాడు, అప్పటికి అతనికి ఏం తెలుసు. చిట్టచివర పాఠకుడికీ ఒక వరస పెట్టు. చాలామంది ఆ వరస పెట్టరు, అక్కడే దెబ్బతింటారు. పాఠకుడికి తెలిసి పాత్రకి తెలియకపోతే ఉత్కంఠ. పాత్రకి తెలిసి పాఠకుడికి తెలియకపోతే మిస్టరీ. ఇద్దరికీ తెలియనిది ఊడిపడితే ఉలికిపాటు, అది ఒక పేజీకి మించి నిలవదు. నీ నవలలో ఉలికిపాట్లు ఏడు, ఉత్కంఠ ఒక్కచోటే. ఆ ఏడింటిలో మూడింటిని పాఠకుడికి ముందే చెప్పేసి చూడు. తలుపు వెనక మనిషి ఉన్నాడని పాఠకుడికి తెలిశాక, నీ కథానాయిక తీరిగ్గా టీ పెట్టుకుంటే ఆ టీ మరిగేంతసేపూ నవల నీ చేతిలో ఉంటుంది.

ఆధారాన్ని ఎక్కడ పెట్టాలో కూడా పట్టికే చెబుతుంది. ముఖ్యమైన ఆధారం ఒంటరిగా ఒక పేరాలో నిలబడకూడదు. బల్లమీది వస్తువుల జాబితాలో మధ్యన పడెయ్, లేదా ఇద్దరు పోట్లాడుకుంటున్నప్పుడు ఒకరి నోట జారనియ్యి. ముగింపుకి కావలసినవన్నీ నవల ముప్పాతిక భాగం అయ్యేలోపు పాఠకుడి కళ్ళముందుకు వచ్చి ఉండాలి. చివరి అధ్యాయంలో కవలసోదరుడు దిగితే పుస్తకం గోడకేసి కొడతారు, వాళ్ళ తప్పేమీ లేదు.

అధ్యాయం చివర తలుపు చప్పుడు, తీరా చూస్తే పాలవాడు: ఇది వారపత్రికల సీరియళ్ళ కాలంలో చెల్లింది. మధ్యలో ఏడు రోజులుండేవి, పాఠకుడికి కోపం చల్లారేది. పుస్తకంలో పేజీ తిప్పగానే మోసం బయటపడుతుంది. అధ్యాయాన్ని ఒక కొత్త సమాచారంతోనో, వెనక్కి తీసుకోలేని ఒక నిర్ణయంతోనో ఆపు. ఆడియో యాప్‌లకి రాస్తే మళ్ళీ పాత సీరియల్ లెక్కే, కాకపోతే వినేవాడు వెనక్కి తిప్పుకోడు. అందుకే అక్కడ ఆధారాన్ని రెండుసార్లు వినిపించాలి, రెండోసారి వేరే మాటల్లో.

ఇక పోలీసులు. నీ కథ 2025లో జరుగుతోంది, నీ ఇన్‌స్పెక్టరేమో ఎఫ్‌ఐఆర్‌లో పాత ఐపీసీ హత్య సెక్షన్ 302 రాస్తున్నాడు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి భారతీయ న్యాయ సంహితే వర్తిస్తుంది, హత్యకి శిక్ష 103వ సెక్షన్. ఊళ్ళో వాళ్ళు "302 కేసు" అనొచ్చు, అలవాటు కొద్దీ. కాగితం మీద మాత్రం రాకూడదు. అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. నువ్వు మూడు రోజులు లాకప్పులో ఉంచావు. పోలీసులు చట్టం తప్పారన్నది కథలో భాగమైతే సరే, అప్పుడు దాన్ని ఎవరో ఒకరు అడగాలి. సాక్షిగా స్త్రీని స్టేషనుకి రమ్మని బలవంతపెట్టడానికి లేదు, ఆమె ఉండేచోటికే వెళ్ళి విచారించాలి. పదిహేనేళ్ళలోపు అబ్బాయిలకీ అంతే. శవం బిగుసుకోవడం రెండు మూడు గంటల్లో మొదలై పన్నెండు గంటలకి పూర్తవుతుంది, మన మే నెలలో ఇంకా త్వరగా. నువ్వు చెప్పిన సమయానికి ఆ చెయ్యి అంత సులువుగా వంగదు. ఆ క్లోరోఫాం రుమాలు తీసెయ్. మనిషి నిజంగా స్పృహ తప్పడానికి నిమిషాలు పడుతుంది, అంతసేపు ఎవడూ ఊరుకోడు.

పిల్లల సాహస నవల కూడా రాస్తానన్నావు. రాయి. కానీ అది సస్పెన్స్ నవలని చిన్నది చేసి రాసేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళతో చందమామ ఒకతరం పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేసింది. ఆ సీరియళ్ళలోని మాంత్రికుల దారిలో ఇప్పుడు పోవాలంటే చాలా బలం కావాలి. నా మాట వింటే మన నేల మీద, ఇవాళ్టి పిల్లలతో మొదలుపెట్టు. కథలో పిల్లల వయసు నువ్వు అనుకున్న పాఠకుల కంటే ఏడాదో రెండేళ్ళో ఎక్కువ ఉండాలి. పన్నెండేళ్ళ వాళ్ళు పద్నాలుగేళ్ళ వాళ్ళ గురించి చదువుతారు, పదేళ్ళ వాళ్ళ గురించి చదవరు.

మొదటి చిక్కు పెద్దవాళ్ళు, రెండోది ఫోను. రెండింటినీ నమ్మకంగా అడ్డు తొలగించాలి. "సిగ్నల్ లేదు" అని రాస్తే చాలదు, ఎందుకు లేదో చోటే చెప్పాలి. నంద్యాల జిల్లా బెలూం గుహలు తీసుకో. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకి తెరిచింది దాదాపు కిలోమీటరున్నరే. మిగతా సగం కథకి వదిలేసినట్టే. లోపల ఉక్క, చెమట, గాలి ఆడని సందులు. భూమి అడుగున ఫోను టార్చిలైటుగా తప్ప పనికిరాదు, టార్చి వేస్తే బ్యాటరీ తరుగుతుంది. ఆ బ్యాటరీ శాతమే నీ గడియారం: 41, 29, 12. వేరే దుర్మార్గుడి అవసరం కూడా ఉండకపోవచ్చు.

సముద్రమంటే ఇంకో లెక్క. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకి వేట నిషేధం. వేసవి సెలవుల్లో పిల్లలు కాకినాడ నుంచి వేటబోటులో వెళ్ళారని రాస్తే తీరంలో పుట్టిన పిల్లవాడు నవ్వుతాడు. అదే తేదీల్లో రాత్రిపూట ఒక బోటు దొంగచాటుగా కదిలిందనుకో, నవలకి మొదటి అధ్యాయం దొరికింది.

పాముకాటు రాస్తే జాగ్రత్త, చదివినవాళ్ళు అలాగే చేస్తారు. బ్లేడుతో కోసి రక్తం పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మన దగ్గర దొరికే ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకి తయారైంది. మన్యం అడవుల్లోని గిరినాగు ఆ నాలుగింటిలో లేదు. కరిచింది ఏ పామో గుర్తుపట్టగల పిల్ల నీ కథలో ఉంటే ఆ జ్ఞానానికి విలువ వస్తుంది. అయితే ఆ పిల్లకి పాములు తెలుసని మూడో అధ్యాయంలోనే, వేరే సందర్భంలో, నవ్వుతూ చూపించి ఉండాలి. సాహస నవలలో ఆపద ఎలాగైనా రావచ్చు, గట్టెక్కడం మాత్రం వాళ్ళకి ముందే తెలిసినదానితో జరగాలి. చివర్లో మామయ్య జీపులో వచ్చి కాపాడితే అది మామయ్య నవల.

వాక్యం విషయంలో ఒక్క మాట. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు నెమ్మదిగా చదువుతారు, కథ వేగం వాళ్ళ కంటి వేగాన్ని దాటకూడదు. దానికని భాషని పలచన చేయకు. వాక్యాన్ని చిన్నది చెయ్యి, సమాసాన్ని విడగొట్టు, మాటని మాత్రం ఉంచు. పాలకొండ పిల్ల పాలకొండలాగే, జగిత్యాల పిల్లవాడు జగిత్యాలలాగే మాట్లాడనీ. అచ్చులో అక్షరం కొంచెం పెద్దది అడుగు.

నిడివి. పెద్దల సస్పెన్స్ నలభై అయిదు వేల మాటల దగ్గర ఆపు. నవలలకి మామూలుగా వాడే డెమ్మీ సైజులో పేజీకి రెండువందల మాటల పైచిలుకు పడితే సుమారు 224 పేజీలు, అంటే ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీల ఫారాలు పద్నాలుగు. పదిహేనో ఫారం నాలుగు పేజీల కోసం వేయడం వృథా, కాబట్టి చివర్లో కోతకి సిద్ధంగా ఉండు. పిల్లల నవల పాతికవేలు దాటనివ్వకు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడది. వాటికి అందాలంటే దసరాలోపు ప్రెస్సుకి వెళ్ళాలి.

నువ్వు యూనికోడ్‌లో టైపు చేస్తావు, అచ్చుకి పేజీలు కూర్చే డి.టి.పి. వాళ్ళు చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో వత్తులు ఎగిరిపోతాయి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు అతుక్కుపోతాయి. కాబట్టి చివరి ప్రూఫు మార్చిన తర్వాత చూడాలి, ముందు కాదు. ప్రూఫులో దిద్దినవన్నీ నీ యూనికోడ్ ఫైల్లోనూ దిద్దుకో. రేపు ఈ-బుక్కుకి అదే ఆధారం, ప్రెస్సు ఫైలు ఎందుకూ కొరగాదు.

అన్నిటికంటే నిదానంగా చదవాల్సింది ఒప్పందం. "సర్వహక్కులు" అన్న మాట కనబడితే ఆగు. అచ్చు, ఈ-బుక్కు, ఆడియో, అనువాదం, సినిమా-వెబ్ సిరీస్: ఇవి అయిదు వేర్వేరు హక్కులు. సస్పెన్స్ నవలకి చివరిదే ఖరీదైంది, దాన్ని అచ్చువేసేవాళ్ళకి ఇవ్వనక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే అది రద్దయినట్టే, ఒప్పందంలో మరోలా రాసుంటే తప్ప. ఆ "మరోలా" ఎక్కడో పదకొండో షరతులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతుకు. కాపీరైట్ నీ జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్ళు. ఇవాళ తొందరపడి పెట్టే సంతకం మనవల దాకా పోతుంది.

బ్యాంకు ఉద్యోగం ఇప్పుడే మానకు. ఏడాదికొక సస్పెన్స్, రెండేళ్ళకొక పిల్లల నవల ఉద్యోగంతో పాటు సాధ్యమే. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి ముప్పై అయిదేళ్ళు హద్దు, నీకింకా సమయం ఉంది, కానీ దానికోసం నవలని హడావిడి పెట్టకు.

ఒప్పందం కాగితం వస్తే సంతకం చేయకముందు ప్రతి పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం పొద్దున్న అయితే తీరిగ్గా చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ