ఒక పేపరు ఔనంటే ఇంకొకటి కాదంటోంది.. ఏది నమ్మాలి?

ప్రశ్న: బీఎస్సీ బోటనీ ఫైనలియర్ చదువుతున్నాను. ఆక్రమణ జాతుల (బయటి నుంచి వచ్చి విజృంభించి స్థానిక జీవులను దెబ్బతీసేవి) మీద పరిశోధన చేయాలని ఉంది. కానీ ఒకే పరికల్పనను (హైపోథిసిస్) ఒక పేపరు సమర్థిస్తే మరొకటి కొట్టిపారేస్తోంది. ఈ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

జవాబు: మీరు చిక్కు అనుకుంటున్నదే ఈ రంగంలో అసలు పని. ఆ రెండు పేపర్లూ నిజమే చెబుతూ ఉండొచ్చు. పేరు ఒకటే అయినా అవి పరీక్షించింది వేర్వేరు విషయాలను కావచ్చు.

‘శత్రువుల నుంచి విడుదల’ పరికల్పననే తీసుకోండి. కొత్త చోటికి చేరిన మొక్క వెంట దాని పాత పురుగులు, తెగుళ్లు రావు కాబట్టి అది విజృంభిస్తుందన్నది దీని సారం. విప్పి చూస్తే ఇందులో మూడు ప్రశ్నలున్నాయి: శత్రువులు తగ్గారా? వాటివల్ల నష్టం తగ్గిందా? అందువల్లే మొక్క బాగా పెరిగిందా? దేనితో పోలుస్తున్నారన్నది మరో మెలిక. సొంత గడ్డ మీదున్న అదే జాతితోనా, కొత్తచోట పక్కనే పెరిగే స్థానిక జాతులతోనా? ఐరోపా నుంచి అమెరికా చేరిన 473 మొక్క జాతులను పరిశోధకులు మిచెల్, పవర్ 2003లో పరిశీలించారు. సొంత గడ్డతో పోలిస్తే సగటున శిలీంధ్రాలు 84 శాతం, వైరస్‌లు 24 శాతం తక్కువని తేల్చారు. మొదటి ప్రశ్నకు ఇది గట్టి ఆధారం. మూడోదానికి నేరుగా జవాబు కాదు.

ఇలా పెద్ద పరికల్పనను ఉపపరికల్పనలుగా చీల్చి, ఒక్కోదాని కింద ఆధారాలను అమర్చే పద్ధతిని జీవావరణ శాస్త్రవేత్తలు జెష్కే, హేగర్ తీర్చిదిద్దారు. పీజీలో చేరేలోపే దీన్ని చిన్నస్థాయిలో చేసి చూడండి. ఒక్క పరికల్పన, 30 పేపర్లు, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఒక్కో పరీక్షకు ఒక అడ్డువరుస (ఒకే పేపర్లో మూడు పరీక్షలు ఉండొచ్చు, జాగ్రత్త). జాతి, ఆవాసం, ప్రయోగమా పరిశీలనా, దేనితో పోల్చారు, రెప్లికేట్లు (విడివిడిగా చేసిన పునరావృతాలు) ఎన్ని, ఎఫెక్ట్ సైజు (వచ్చిన తేడా పరిమాణం) ఎంత, సమర్థించిందా లేదా తేలలేదా అన్నవి నిలువు వరుసలు. నియమాలు ముందే రాసిపెట్టుకోండి. ఫలితాలు చూశాక రాస్తే మనకు నచ్చిన జవాబే వస్తుంది. తర్వాత మీ షీటు చూపకుండా ఓ పది పేపర్లను స్నేహితుడి చేత నింపించండి. ఇద్దరికీ తేడా వచ్చిన గడి దగ్గర మీ నిర్వచనం వదులుగా ఉందని అర్థం. దాన్ని సరిచేసి మొత్తం మళ్లీ నింపాల్సిందే.

ఎక్కువమంది బోల్తా పడేది పేర్ల దగ్గర. గుర్రపుడెక్కను ‘ఐకార్నియా క్రాసిపెస్’ అని మాత్రమే వెతికితే అదే మొక్కకు ఇప్పుడు వాడుతున్న ‘పాంటెడీరియా క్రాసిపెస్’ పేరుతో వచ్చిన కొత్త పేపర్లు జారిపోతాయి. ఔనన్నవెన్ని, కాదన్నవెన్ని అని ఓట్లు లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. నాలుగు కుండీల ప్రయోగం, నలభై మడుల ప్రయోగం సమానం కావు కదా!

పొలంలో పరీక్షించేటప్పుడు కొన్ని మడులకు పురుగుమందు కొట్టి, కొన్నింటిని వదిలేస్తారు. వదిలేసిన మడులకూ అంతే నీళ్లు పిచికారీ చేయాలి. లేకపోతే తేడా తెచ్చింది మందా, తడా అన్నది తేలదు. మందే మొక్క ఎదుగుదలను మార్చేయవచ్చు కాబట్టి, పురుగుల్లేని గ్లాస్‌హౌస్‌లో విడిగా సరిచూడాలి. మందు కొట్టింది మడి మొత్తానికి కాబట్టి, ఒకే మడిలోని పది మొక్కలను పది రెప్లికేట్లుగా లెక్కేస్తే గణాంకాలన్నీ వృథా.

కాబట్టి ముందు ఆర్ (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష), అందులో మిక్స్‌డ్ మోడల్స్ (మడుల్లా గుంపులుగా ఉన్న డేటాకు వాడే గణాంక నమూనాలు), పలు పేపర్ల ఫలితాలను కలిపి లెక్కగట్టే మెటా అనాలిసిస్‌కు ‘మెటాఫర్’ ప్యాకేజీ నేర్చుకోండి. జీబిఫ్ (ఏ జీవి ఎక్కడ కనిపించిందో నమోదుచేసే అంతర్జాతీయ డేటాబేస్) డేటాను శుభ్రం చేయడం అలవాటు చేసుకోండి. పీహెచ్‌డీ ఒక్కటే దారి కాదు. దిగుమతయ్యే మొక్కల రిస్క్ అంచనా, బయోసెక్యూరిటీ (హానికర జీవులు చొరబడకుండా కాపాడటం), జీవవైవిధ్య డేటా నిర్వహణ ఉద్యోగాల్లోనూ ఇవే నైపుణ్యాలు కావాలి. రీసెర్చ్ గైడ్‌కు మెయిల్ రాసేటప్పుడు ‘ఆసక్తి ఉంది’ అని సరిపెట్టకండి. మీ షీటు జత చేసి, అందులో ఏ ఉపపరికల్పన కింద ఆధారాలు ఖాళీగా ఉన్నాయో రెండు వాక్యాల్లో రాయండి.