పాత టార్టన్ రంగులంటే ఏవి? నేను కళ్ళారా చూసిన ముక్క గురించి చెబుతాను

"స్కాట్లాండ్‌లో ఒక్కో వంశానికి వందల ఏళ్ళుగా సొంత టార్టన్ (రంగు గళ్ళ ఉన్ని గుడ్డ) ఉందంటారు కదా, ఆ పాత రంగులు ఏవి?" అని అడిగారు.

మాది చీరాల దగ్గర నేత కుటుంబం. ఉద్యోగరీత్యా ఎడిన్‌బరోలో ఉంటున్నా, గళ్ళ గుడ్డ కనిపిస్తే ఇప్పటికీ పోగులు లెక్కపెడతాను. వంశానికో టార్టన్ అన్నది అంత పాతది కాదని గట్టిగా చెప్పగలను.

2023లో డండీలోని వీ అండ్ ఏ మ్యూజియంలో టార్టన్ ప్రదర్శన పెట్టారు. స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న గ్లెన్ అఫ్రిక్ లోయ పేరుతో పిలిచే పాత గుడ్డ ముక్క కోసమే రైలెక్కాను. అది 1980ల్లో ఆ లోయ దగ్గర పీట్ బురద నేలలో దొరికింది. కార్బన్ పరీక్షలో 1500-1600 మధ్యదని తేలింది. అద్దం వెనక మొదట నాకు కనిపించింది డికాషన్‌లో నానబెట్టినట్టున్న ఉన్ని గుడ్డ, అంతే. వంగి చూస్తూ నిలబడితే మెల్లగా గళ్ళు తేలాయి. చిరిగిన అంచున పడుగు పోగులు విడివిడిగా కనిపించాయి. అసలు రంగులు ఆకుపచ్చ, గోధుమ, బహుశా ఎరుపు, పసుపు. ఆకుపచ్చలో నీలిమందు జాతి రంగు దొరికిందట. అంటే ఎవరో నీలి తొట్టిలో చేతులు ముంచారు. పడుగులో ఏ రంగు ఎన్ని పోగులో పేకలోనూ అదే లెక్క తప్పకుండా వేశారు. ఒక్క పోగు అటూఇటూ అయితే గడి చెడుతుందని మా నాన్న నన్ను ఎన్నిసార్లు కసిరారో! అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఆ ముక్క ఏ వంశానిదో ఎవరూ చెప్పలేరు. 1746లో కల్లోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడాక, హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతం) మగవాళ్ళు టార్టన్ దుస్తులు వేసుకోకూడదని చట్టం తెచ్చారు, 1782 దాకా ఎత్తెయ్యలేదు. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ మీ టార్టన్ నమూనా పంపండని వంశ పెద్దల్ని అడిగితే, తమది ఏదో తెలియనివాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. స్కాట్లాండ్‌లోని బానక్‌బర్న్‌లో విల్సన్ల నేత కంపెనీ నంబర్లతో, ఊళ్ళ పేర్లతో గుడ్డలమ్మేది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వస్తున్నాడనేసరికి అందరికీ వంశం పేరుతో టార్టన్ కావాల్సొచ్చింది. పేర్లు అలా అతుక్కున్నాయి.

ఇంకొకటి నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. ఇక్కడొక దుకాణంలో వెలిసినట్టున్న లేతరంగు గుడ్డ చూపించి, "ఇది ఏన్షియంట్ (ప్రాచీన) రంగు, మీ పూర్వీకులు కట్టింది ఈ రంగే" అని నా స్కాటిష్ సహోద్యోగికి చెప్పారు. ఏన్షియంట్ అనేది 20వ శతాబ్దంలో వ్యాపారులు పెట్టిన పేరు. పాత అద్దకం అంత నీరసంగా ఉండదు. నీలిమందులో నాలుగుసార్లు ముంచితే నలుపుకి దగ్గరవుతుంది. మెక్సికో నుంచి తెప్పించే కొచినీల్ పురుగు ఎరుపు కళ్ళు జిగేల్మనేలా ఉంటుంది. సహజ రంగులంటే వెలిసిన రంగులే అనుకోవడం అద్దకం పనివాళ్ళని అవమానించడమే.

ఎడిన్‌బరో వస్తే నేషనల్ మ్యూజియంలో ఫాల్కర్క్ ముక్క చూడండి. మూడో శతాబ్దంలో రోమన్ నాణేలు నింపిన కుండ మూతికి కుక్కిన గుడ్డ అది. అద్దకమే లేదు. గొర్రె ఒంటి మీది లేత ఉన్ని, ముదురు ఉన్ని కలిపి గళ్ళుగా నేశారు.