కెరిస్ కొనేముందు పిడి ఊడదీసి చూడు

చి. వంశీకి మామయ్య ఆశీస్సులు.

జావాలోని సోలో ఊళ్లో, త్రివిందు బజారులో చూసిన కెరిస్ గురించి, అంటే ఆ జావా బాకు గురించి, నువ్వు రాసింది చదివాను. అలుగుకి (బాకు రేకుకి) 13 వంపులు, దాని మీద ఉదాన్ మాస్ అనే పామొర్ (తెల్లటి చారల నగిషీ), పాత మజపహిత్ రాజ్యం కాలం నాటిదని అమ్మే అతను చెప్పాడన్నావు. మొదటిది నువ్వే లెక్కపెట్టుకోవచ్చు, రెండోది పరీక్షించుకోవచ్చు. మూడోదానికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకు.

కాలనిర్ణయాన్ని జావా వాళ్లు తంగుహ్ అంటారు. ఇనుము రంగు, చేతిలో తెలిసే బరువు, అలుగు వాలిన తీరు, మొదట్లో ఉండే గొంజొ అనే ముక్క ఆకారం చూసి, ఫలానా రాజ్యం నాటి పనితనమని అంచనా కడతారు. తేదీ గానీ, చేసిన ఎంపు (కెరిస్ కమ్మరి) సంతకం గానీ అలుగు మీద ఉండటం చాలా అరుదు. అందుకే ఒకే కెరిస్‌ని ఒకాయన తుబాన్ పనితనమంటే ఇంకొకాయన మతరాం పనితనమంటాడు, ఇద్దరూ తెలిసినవాళ్లే అయివుంటారు. 2020లో నెదర్లాండ్స్ వాళ్లు తమతో పోరాడిన జావా యువరాజు దీపొనెగొరొ కెరిస్‌ని ఇండోనేషియాకు తిరిగి ఇచ్చినప్పుడు, పాత కాగితాల ఆధారం ఉన్నా, అసలు అది ఆయనదేనా అన్న వాదన లేచింది. అలాంటిది బజారులో నోటిమాటకు విలువెంత?

పిడి తీసి చూపించమని అడుగు. తీయనన్నవాడి దగ్గర కొనకు. అలుగుని మెత్తటి గుడ్డలో చుట్టి పట్టుకుని, పిడిని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ లాగాలి. తుప్పుకి బిగుసుకుంటే రెండు చుక్కల నూనె వేసి మర్నాటి దాకా ఆగాలి. సుత్తితో కొడితే లోపలి కాడ విరుగుతుంది. ఆ కాడనే పెసి అంటారు. పాత పెసి అలుగుతో పాటే తుప్పు తిని సన్నబడి ఉంటుంది. అలుగేమో గుంటలు పడి, పెసి మాత్రం లావుగా, నున్నగా, గ్రైండర్ గీతలతో ఉంటే రెండే కారణాలు: కొత్త అలుగుని ఆమ్లంలో ముంచి ముసలిదాన్ని చేశారు, లేదా పాత అలుగుకి కొత్త పెసి అతికించారు. రెండోది తప్పేమీ కాదు, ధర మాత్రం తగ్గాలి.

తర్వాత గొంజొ. పెసి గుచ్చుకుని అలుగు కింద కూర్చునే విడి ముక్క అది. అతుకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకో. సందులోంచి వెలుగు కనపడినా, గొంజొ ఇనుము రంగు అలుగు రంగుతో కలవకపోయినా, అది తర్వాత మార్చిన గొంజొ. మార్చినవి చాలానే తిరుగుతుంటాయి. కొన్నిట్లో గొంజొ విడిగా ఉండదు, అలుగుతో ఏకంగా ఉంటుంది. దాన్ని గొంజొ ఇరాస్ అంటారు, చూసి కంగారుపడకు.

వంపులు లెక్కపెట్టేటప్పుడు మొదట్లో ఏనుగు తొండంలా వంకర తిరిగిన కెంబాంగ్ కచాంగ్ ఉన్న వైపు మొదటి వంపుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి లెక్కిస్తూ మొనదాకా పో. ఎప్పుడైనా బేసి సంఖ్యే రావాలి. సరి సంఖ్య వస్తే మళ్లీ లెక్కపెట్టు. అప్పుడూ అదే వస్తే మొన విరిగి, అరగదీసి కొత్త మొన చేసివుంటారు.

ఇక పామొర్. ఇనుము పొరల మధ్య నికెల్ కలిసిన లోహాన్ని పెట్టి కాల్చి, మడిచి, సాగగొడితే వచ్చే తెల్లటి చార అది. ఉదాన్ మాస్‌లో అది వలయంలో వలయంగా చిన్న చిన్న చుక్కలై అలుగంతా పరుచుకుంటుంది. సంపద తెస్తుందన్న నమ్మకం ఉంది కాబట్టి గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. ఉదయపు ఎండలో అలుగుని ఏటవాలుగా పట్టుకుని వేలికొస నెమ్మదిగా ఆనించి చూడు. పాతదానిలో ఇనుము తుప్పుకి తగ్గిపోయి, నికెల్ పొర నిలబడి, గరుకు గరుకుగా తగులుతుంది. అంచు అరిగినచోట పొరలు లోపలికి కొనసాగుతూ కనిపిస్తాయి, నడుమ ఉక్కు నల్లటి గీతలా బయటపడుతుంది. ఆమ్లంతో గీసిన బొమ్మయితే అన్ని వలయాలూ ఒకే లోతు, రెండు వైపులా అచ్చు గుద్దినట్టుంటాయి, అంచు దగ్గర పొర అన్నదే ఉండదు. గ్రెనెంగ్ పళ్లు కూడా చూడు. జావా లిపిలో డ అక్షరం రూపంలో చెక్కే ఆ చిన్న గంట్లు మిగతా అలుగంతా అరిగినా పదునుగా మిగిలితే, ఈమధ్యే ఆకురాయి పడినట్టే.

ఒర, పిడి చూసి మోసపోకు. ఒరకి వాడే తిమొహొ చెక్కకు సహజంగా ఉండే మచ్చలను రంగుతో కూడా దింపుతారు. పాత అలుగుకి కొత్త ఒర, కొత్త అలుగుకి పాత ఒర జతచేయడం మామూలే, ధర విడివిడిగా కట్టుకో. ఏనుగు దంతం పిడి ఉన్నది ఎంత చవకైనా వద్దు.

కొన్నాక చేసే తప్పు ఇంకా పెద్దది. తుప్పు కనపడగానే గరుకు కాగితంతో రుద్దడం, బఫింగ్ చక్రానికి పట్టించడం. పోయిన పొర తిరిగి రాదు, నాలుగు వందల ఏళ్లు నిలిచిన అలుగు ఒక్క పూటలో చెడిపోతుంది. అక్కడి పద్ధతిలో ముందు కొబ్బరి నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. తర్వాత నిమ్మరసం, కుంకుడుకాయకు దగ్గరి చుట్టమైన లెరాక్ కాయతో మెత్తటి బ్రష్ పెట్టి తెల్లబడే దాకా తోముతారు. బాగా ఆరాక పాషాణం (ఆర్సెనిక్) కలిపిన నిమ్మరసం పూస్తారు. దానికి ఇనుము నల్లబడుతుంది, నికెల్ తెల్లగా నిలుస్తుంది. ఈ చివరి పని ఇంట్లో చేయొద్దు, అది విషం. సోలోలోనో యోగ్యకర్తలోనో ఇదే వృత్తిగా చేసేవాళ్లకి ఇవ్వు. ఏటా చేయించకు, కడిగిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. తుప్పు వస్తేనో, పామొర్ మాసిపోతేనో చాలు. మిగతా రోజుల్లో పలచగా గంధం నూనె రాసి, గుడ్డతో తుడిచి, అప్పుడు ఒరలో పెట్టు. నూనె కారుతుండగా పెడితే చెక్క పీల్చుకుని, దుమ్ముతో కలిసి జిగటై, అక్కడే తుప్పు పుడుతుంది. చూసేటప్పుడు కూడా అలుగుని లాగకు, అలుగుని కదలకుండా పట్టుకుని ఒరని వెనక్కి జరుపు. అది మర్యాద, అంచుకీ మంచిది.

బేరమాడేటప్పుడు ధర ఎంతని కాక, పెళ్లి కానుకను అన్నట్టు, మహర్ ఎంతని అడుగు, పెద్దవాళ్లు సంతోషిస్తారు. వెళ్లేముందు సోలోలో కెరిస్ నుసంతర మ్యూజియం, యోగ్యకర్తలో సొనొబుదొయొ మ్యూజియం చూసిరా. అసలైన ఇనుము రంగు కంటికి అలవాటు పడాలంటే అదే దారి.

ఇండియాకి తేవాలంటే, ఇండోనేషియా 2010 నాటి 11వ నంబరు చట్టం కింద 50 ఏళ్లు దాటిన వస్తువులు అక్కడ వారసత్వ సంపద కావచ్చు. అనుమతి కాగితం లేకుండా దేశం దాటించకు. ఇక్కడి కస్టమ్స్ నియమాలు, ఆయుధాల నియమాలు కూడా టికెట్ కొనకముందే కనుక్కో. చేతి సంచిలో అసలు పెట్టకు.

ఈ ఆదివారం మళ్లీ వెళితే నాలుగు ఫోటోలు పంపు: ఒర లేకుండా అలుగు రెండు వైపులా, పెసి, గొంజొ అడుగుభాగం. ఫ్లాష్ వద్దు, ఏటవాలు ఎండలో తియ్యి. అవి చూశాక ఎంతదాకా వెళ్లొచ్చో చెబుతాను, అప్పటిదాకా బయానా ఇవ్వకు.

మీ మామయ్య