పికప్‌కు పెద్ద టైర్లు వేయించే ముందు

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. బండి టైర్లు అరిగిపోయాయని, ఈసారి ఒక సైజు పెద్దవి వేయించాలని చూస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చక్రం పెద్దదైతే ఇంజను తక్కువ తిరుగుతుంది, మైలేజీ పెరుగుతుందని షాపు అతను అన్నాడట. పెద్ద టైర్లు వేయించిన నీ స్నేహితుడేమో పన్నెండు ఇచ్చే బండి పదకొండుకు పడిపోయిందని గోల పెడుతున్నాడట. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, ఇద్దరూ లెక్క పూర్తిగా వేయలేదు. లారీ నడిపి, ఆ తరువాత టైర్ల కొట్టులోనే జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. తాపీగా చదువు.

నీ బండికి ఉన్నవి 215/75 ఆర్15. అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. అన్నీ కలిపితే చక్రం ఎత్తు 703 మిల్లీమీటర్ల చిల్లర. అతను చూపిస్తున్న 235/75 ఆర్15 ఎత్తు 733 చిల్లర. తేడా 30 మిల్లీమీటర్లు, అంటే నాలుగు శాతం పైమాట. పాత చక్రం కిలోమీటరు నడవడానికి సుమారు 452 చుట్లు తిరిగితే కొత్తది 434 చుట్లలో ఆ పని కానిస్తుంది. బండిలో దూరం, వేగం చూపించే మీటరుకు ఈ సంగతి తెలియదు. అది చుట్లు లెక్కబెట్టి, ప్రతి చుట్టుకూ పాత కొలతే వేసుకుంటూ పోతుంది. రహదారి పక్కన రాళ్ల ప్రకారం 20 కిలోమీటర్లు నడిచినా పెద్ద చక్రాల బండి మీటరు 19.2 దగ్గరే ఉంటుంది. మీటరులో ముల్లు 60 మీద ఉంటే బండి నిజంగా 62 దాటి పోతూ ఉంటుంది. ఇంజను ఆయిలు మార్చే గడువు కూడా అలాగే తెలియకుండా దాటిపోతుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి గోల చూద్దాం. లెక్క కోసం అనుకో, పాత టైర్ల మీద మీటరు 480 తిరిగేసరికి 40 లీటర్లు తాగింది, లీటరుకు 12. కొత్తవాటి మీద అదే 480కి 43 లీటర్లు తాగింది, లీటరుకు 11.2. ఏడు శాతం పోయిందని అతను గుండె బాదుకుంటున్నాడు. కానీ కొత్త చక్రాల మీద మీటరు 480 చూపించిందంటే బండి నడిచింది 500. దాన్ని 43తో భాగిస్తే 11.6 వస్తుంది. అంతేకాదు, తీసేసిన పాత టైర్లు అరిగిపోయినవి. గాడి ఆరు మిల్లీమీటర్లు అరిగితే చక్రం ఎత్తు పన్నెండు తగ్గుతుంది. చిన్నబడిన చక్రం ఎక్కువ చుట్లు తిరిగి, నడవని దూరాన్ని కూడా మీటరులో చూపిస్తుంది. ఆ 480 నిజానికి 472, ఆ 12 నిజానికి 11.8. పోయిందనుకున్న ముప్పావు కిలోమీటరులో అసలు పోయింది పావు కూడా కాదు. పైగా కొత్త టైరుకు గాడి లోతు ఎక్కువ, రబ్బరు ఎక్కువ, అది దొర్లడానికి అరిగిన టైరు కన్నా బరువుగా ఉంటుంది. పాత సైజులోనే కొత్తవి వేయించినా మొదట్లో డీజిలు కాస్త ఎక్కువే పట్టేది. ఈ రెండూ విడదీయకుండా నేరమంతా సైజు మీద వేయడం తప్పు.

అయితే వేయించెయ్యనా మామయ్యా అని అడుగుతావు. వద్దు. నీ దారుల్లో దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

షాపు అతను చెప్పిన లాభం లేకపోలేదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద, తేలిక లోడుతో, టాప్ గేరులో నిలకడగా పోయే బండికి ఇంజను చుట్లు నాలుగు శాతం తగ్గడం మంచిదే. నీ బండి తిరిగే దారి అదా? భీమవరంలో మేత బస్తాలు ఎక్కించుకుని ఉండి మీదుగా ఆకివీడు వైపు వెళ్తావు, తిరుగులో ఐసు నింపిన రొయ్యల ట్రేలు. ఊరు తరువాత ఊరు, ప్రతి ఊళ్లో స్పీడు బ్రేకరు, కాలువ మీద ఎత్తు వంతెన, మలుపు తిరగగానే గేదెల మంద. మన డెల్టా నేల చదునుగా ఉంటుంది కాబట్టి ఇంజనుకు శ్రమ లేదనుకుంటారు గానీ, ఆగి కదలడంలోనే డీజిలు పోతుంది. చక్రం నాలుగు శాతం పెద్దదైతే నేల దగ్గర లాగే బలం అంతే తగ్గుతుంది. టాప్ గేరులో లాగలేక కిందికి వేస్తావు, వేయగానే ఇంజను చుట్లు మళ్లీ పెరుగుతాయి, లాభం అక్కడికక్కడే హరించుకుపోతుంది. నిండు లోడుతో వంతెన ఎక్కుతూ ఆగి కదిలావంటే క్లచ్ ప్లేటు కూడా త్వరగా అరుగుతుంది. బ్రేకు మీద కాలు కూడా కాస్త గట్టిగా వేయాల్సి వస్తుంది.

టైరు బరువు పెరుగుతుంది కాబట్టి డీజిలు తాగుతుందని ఇంకొందరు చెబుతారు. ఆ మాటను పెద్దగా పట్టించుకోకు. చక్రం అంచున పెరిగిన కిలో, వేగం అందుకునేటప్పుడు బండిలో వేసిన రెండు కిలోల లెక్క. నిజమే, కానీ టన్నుకు పైగా మేత మోసే బండికి నాలుగు చక్రాలూ కలిపి పెరిగే బరువు ఒక బస్తాకు మించదు.

నీ అసలు బాధ చెరువు గట్టని నాకు తెలుసు. వానాకాలంలో నల్లమట్టి గట్టు మీద బండి జారుతోంది, కింద తగులుతోంది. 30 మిల్లీమీటర్ల ఎత్తు టైరు వేస్తే ఇరుసు లేచేది అందులో సగం, 15 మిల్లీమీటర్లు. అంటే వేలెడు మందం కూడా లేదు. గట్టు మీద పైన జారుడు బురద, కింద గట్టి నేల. అలాంటిచోట సన్న టైరు బురదను కోసుకుని గట్టి నేలను అందుకుంటుంది, వెడల్పు టైరు పైనే తేలి పక్కకు జారుతుంది. కాబట్టి నీకు కావలసింది సైజు కాదు, పట్టు. అదే 215/75లో వెనక రెండింటికీ అడ్డంగా లోతైన గాళ్లుండే లగ్ టైర్లు వేయించు, ముందు రెండింటికీ నిలువు గీతల రిబ్ టైర్లే వేయించు. లగ్ టైరు తారు రోడ్డు మీద రొద చేస్తుంది, డీజిలు కొంచెం తాగుతుంది. గట్ల పని లేని బండికైతే నాలుగూ రిబ్ వేయించమని చెప్పేవాణ్ణి.

కొనేటప్పుడు పక్కగోడ మీద, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడు అంకె చదువు. కారు కోసం చేసిన 235 టైరు చూడ్డానికి లావుగా, దర్జాగా ఉంటుంది, కానీ మోయగల బరువులో, లోడు కోసం గట్టిగా చేసిన నీ 8 ప్లై టైరుకు దిగువన ఉండవచ్చు. లోడు మీద పక్కగోడ వంగి వేడెక్కి, ఏ మండుటెండలోనో పగిలిపోతుంది. ఇంకొకటి, మనది రవాణా వాహనం. టైర్ల సైజు రిజిస్ట్రేషను వివరాల్లోనే ఉంటుంది. దానికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు అడిగితే బతిమాలుకోవడం మనకెందుకు?

డీజిలు మిగల్చాలన్న కోరిక మంచిదే, దానికి గాలి చూసుకో. ఎంత గాలి ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది, లోడుతో వెనక చక్రాలకు వేరే అంకె. తెల్లవారి బండి కదలకముందే చూడాలి. ఎండలో నడిచొచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీయించావంటే చల్లారాక తక్కువైపోతుంది. ముందు చక్రాల లోపలి అంచు ఒక్కటే అరుగుతుంటే చక్రాల వరస సరిచేసే అలైన్‌మెంటు చేయించు, లేకపోతే బండి టైరును రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది.

మైలేజీ చూడాలంటే ఒకే బంకులో, నాజిల్ తనంతట తాను ఆగిన చోట ఆపించి, మళ్లీ అక్కడే నింపించి లెక్క వేయి. ఒక్క ట్యాంకుతో తేల్చకు. మీటరు మీద అనుమానం ఉంటే మిల్లు కళ్లంలో సిమెంటు నేల మీద బండి పెట్టి, టైరు నేలను తాకే చోట రెండింటి మీదా సుద్దగీత గీయి. చక్రం ఐదు చుట్లు తిరిగేదాకా మెల్లగా నెట్టించి, గీత మళ్లీ కిందికొచ్చిన చోట నేల మీద గుర్తు పెట్టి, టేపుతో కొలిచి ఐదుతో భాగించు. కొత్త టైరుకు కాగితం లెక్కలో 2 మీటర్ల 21 సెంటీమీటర్లు, బరువుకు టైరు నొక్కుకుంటుంది కాబట్టి కొంచెం తక్కువ వస్తుంది. కొత్తవి వేయించే ముందొకసారి, వేయించాక ఒకసారి కొలిస్తే అరిగిన టైరు మీటరును ఎంత మోసం చేస్తోందో నీకే కనబడుతుంది.

తీసిన వాటిలో బాగున్నదాన్ని స్టెప్నీకి ఉంచుకో. సైజు ఒకటే కాబట్టి పనికొస్తుంది. పెద్దవి వేయించి ఉంటే ఐదోది కూడా కొనాల్సి వచ్చేది. వెనక ఇరుసుకు ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది తగిలించి దూరం పోతే, రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పళ్లు విరామం లేకుండా తిరిగి వేడెక్కుతాయి. మిగతా మూడింటినీ షాపులో ఊరికే వదిలేయకు, ధర కట్టించి బిల్లులో తగ్గించమను.

ఇట్లు,
మీ మామయ్య