గుడిలో బాబుకి చోటు అడగండి

ప్రశ్న: వందనాలండీ. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నారు. పాపకి పదమూడేళ్లు, బాబుకి ఎనిమిది. బాబుకి ఆటిజం అని బరంపురంలో డాక్టర్లు చెప్పారు. రెండు మూడు మాటలే వచ్చు. ఫిట్స్ కూడా ఉన్నాయి, రోజూ రెండు పూటలా సిరప్ వేస్తున్నాను. ఆదివారం మా గుడిలో (చర్చిలో) పాటలు మొదలవగానే చెవులు మూసుకుని అరుస్తాడు, అటూ ఇటూ పరుగెడతాడు. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ‘ఎవరి పాపమో’ అంటారు మా అత్తగారు. కిందటి నెల బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు బాబు తల మీద చేతులు నొక్కిపెట్టి ప్రార్థన చేశారు. వాడు గింజుకుంటుంటే ఇంకా గట్టిగా పట్టుకోమన్నారు. మూడు రోజుల ఉపవాస కూడికలకి తీసుకురండి, విశ్వాసం ఉంటే మందు ఆపేయండి అన్నారు. మా పాస్టరు అయ్యగారు మంచివారే గానీ ఆయన్ని కాదనలేకపోయారు. అమ్మగారు (అయ్యగారి భార్య), సంఘంలోని స్త్రీల సమాజం వాళ్లు ‘ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాం’ అంటున్నారు. ఏం అడగాలో నాకే తెలియడం లేదు. పాప ఇక గుడికి రానంటోంది. స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు, అందుకే మాటలు రావడం లేదని ఒకావిడ అంది. మా పుట్టిల్లు టెక్కలి. ఆంధ్రాలో పింఛను ఎక్కువ కదా, బాబు పేరు అన్నయ్య రేషన్ కార్డులో చేర్పిద్దామని మా అమ్మ అంటోంది. నేను గుడి మానేయాలా?

జవాబు: వందనాలమ్మా. అన్నిటికంటే ముందు సిరప్ సంగతి. ఒక్క పూట కూడా ఆపకండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి మానేస్తే ఒకదాని మీద ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. మోతాదు తగ్గించాలన్నా, మందు మార్చాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి, అదీ నెమ్మదిగా జరగాలి. సీసా ఖాళీ అయ్యేదాకా చూడకుండా వారం ముందే ఇంకొకటి తెచ్చి పెట్టుకోండి. ఉపవాస కూడికల పేరుతో బాబుని పస్తు ఉంచడం, రాత్రంతా మేలుకోబెట్టడం కూడా వద్దు. నిద్ర చాలకపోతేనే చాలామంది పిల్లల్లో ఫిట్స్ ఎక్కువవుతాయి. గుడిలో ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో అమ్మగారికీ, ఇంకొకరికీ నేర్పి ఉంచండి: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చుట్టూ జనం మూగకూడదు, అయిదు నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఇక ఆ ప్రసంగీకుడు. బయటి నుంచి వచ్చే వాళ్లకి ఒక సౌకర్యం ఉంది, మర్నాడు పొద్దున్నే బండెక్కి వెళ్లిపోతారు. ఆ తర్వాత గుడి గేటు చూడగానే వణికే పిల్లాడితో మిగిలేది మీరు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి తాకిడి, చప్పుడు, వెలుతురు మనకి తగిలినట్టు తగలవు. తల మీద నాలుగు చేతులు పడి, చెవి పక్కన గట్టిగా కేకలు వినిపిస్తే వాడు గింజుకోక ఏం చేస్తాడు? అది దురాత్మ పని కాదు, భయం. మీ బాబు ఒంటిని బలవంతంగా పట్టుకోనివ్వాలా వద్దా అని తేల్చే హక్కు తల్లిగా మీది. అయ్యగారి ఇంటికి వెళ్లి, నలుగురూ లేనప్పుడు, కోపం లేకుండా ఈ మాట చెప్పండి: ‘ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, నాకూ అదే కావాలి. కానీ మా బాబుని పట్టుకుని చెయ్యడానికి ఒప్పుకోను. మందు మానమని గుడిలో ఎవరూ చెప్పకూడదు. ఈ రెండూ మీరే అందరికీ చెప్పాలి.’ ఆయన మంచివారని మీరే అంటున్నారు. మంచితనం ఒక్కటే చాలదు, ఇలాంటి చోట మాట గట్టిగా పడాలి. ఆ గట్టిదనం మీ నోటి నుంచి వస్తే ఆయనకీ ధైర్యం వస్తుంది.

మీ అత్తగారి మాటకి సమాధానం ఆవిడ రోజూ చదివే బైబిల్లోనే ఉంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు అడిగింది అచ్చంగా ఆవిడ అడిగినదే: వీడు గుడ్డివాడుగా పుట్టడానికి ఎవరు పాపం చేశారు, వీడా, వీణ్ణి కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు యేసు. ఆ భాగం ఒకసారి కుటుంబ ప్రార్థనలో పాపతో చదివించండి. మీరు వాదనకి దిగకండి. వైద్యం చెప్పేదీ అదే: ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా, అందులో జన్యువుల పాత్ర ఎక్కువ. మీరు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూడడం వల్లో, పెంచిన తీరు వల్లో అది రాదు. అత్తగారి నోట్లో ఆ మాట వెనక చాలాసార్లు దిగులే ఉంటుంది. మనవడు తర్వాత ఎలా బతుకుతాడో అన్న బెంగకి ఆవిడ దగ్గర ఇంకో మాట లేదు.

స్త్రీల సమాజం వాళ్లకి ఏం చెప్పాలన్నదే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న. చెయ్యాలని ఉన్నవాళ్లు ఉన్నారు, పని చెప్పేవాళ్లు లేరు. చాలా సంఘాల్లో ఇదే పరిస్థితి. బిడ్డ బాగుపడాలని ఏళ్ల తరబడి ప్రార్థిస్తారు గానీ, బాగుపడకపోయినా వాడికి ఇక్కడ చోటు ఏమిటి అని ఎవరూ అడగరు. సమూయేలు రెండో గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో మెఫీబోషెతు కథ చూడండి. యోనాతాను కొడుకు, రెండు కాళ్లూ కుంటి. దావీదు రాజు అతణ్ణి పిలిపించి రోజూ తన బల్ల దగ్గరే భోజనం చెయ్యమన్నాడు. ముందు నడిచి చూపించమనలేదు. అధ్యాయం చివరి మాటలో కూడా అతని కాళ్లు కుంటివే. అయ్యగారు ఒక ఆదివారం ఈ వాక్యం మీద ప్రసంగం చేస్తే మీ పని సగం తేలికవుతుంది. అడగండి, తప్పేం లేదు.

మిగతా సగం పనులు చాలా మామూలువి. స్పీకరు ఉన్న వైపు బాబుని కూర్చోబెట్టకండి. తలుపు దగ్గరి వరుసలో చివరి రెండు కుర్చీలు ప్రతివారం మీకే ఉంచమనండి. చోటు మారకపోతే వాడికి సగం టెన్షన్ తగ్గుతుంది. కీబోర్డు, డ్రమ్స్ వాయించే కుర్రాళ్లతో ఒక్క మాట మాట్లాడి సౌండు కాస్త తగ్గించమనండి. మన గుళ్లలో ముప్పై మంది కూర్చునే హాలుకి మూడు వందల మందికి సరిపోయే స్పీకర్లు పెడతారు, ఎందుకో నాకెప్పుడూ అర్థం కాదు. తగ్గిస్తే ముసలివాళ్లు కూడా దండం పెడతారు. అయినా కష్టమైతే చెవులకి పెట్టుకునే, చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు దొరుకుతాయి, ముందు ఇంట్లో కాసేపు కాసేపు అలవాటు చెయ్యండి. పాటలన్నీ అయ్యాక లోపలికి రండి, పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోండి. పది నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న వాడు నెల తిరిగేసరికి పదిహేను కూర్చోవచ్చు. కూర్చోకపోయినా నష్టం లేదు. ఆరాధన మొత్తం ఉండి తీరాలన్న నియమం పెద్దలు పెట్టుకున్నది, వాడు పెట్టుకున్నది కాదు. శనివారం సాయంత్రం, జనం లేనప్పుడు ఒకటి రెండుసార్లు వాణ్ణి గుడికి తీసుకెళ్లి ఊరికే తిరగనివ్వండి. గేటు, కుర్చీ, పాటలు, ప్రార్థన, ఇల్లు: ఈ వరసని ఫోన్లో ఫొటోలు తీసి, ప్రింటు వేయించి, ఆదివారం పొద్దున్న ఒక్కొక్కటే చూపించండి. మాట రాని పిల్లలకి తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలియడం పెద్ద ఊరట.

సండే స్కూల్లో వాడికి తోడుగా ఓపిక ఉన్న ఇద్దర్ని అడగండి. ఇద్దరు అని ఎందుకంటున్నానో వినండి. మాట రాని పిల్లాడికి ఏం జరిగినా ఇంటికొచ్చి చెప్పలేడు. అందుకే ఎంత నమ్మకస్తులైనా ఒక్కరితో మూసిన గదిలో ఉంచకూడదు. బాత్రూముకి మీరో, మీ అత్తగారో, అమ్మగారో తీసుకెళ్లాలి. ఇది ఎవరినీ అనుమానించడం కాదు. పిల్లలతో పనిచేసే ఏ సంఘానికైనా ఉండాల్సిన నియమం, మీ బాబు పేరు చెప్పి అందరి పిల్లలకీ వస్తే మరీ మంచిది. ఇంకొకటి, వాడి ఫొటోలు, వీడియోలు సంఘం వాట్సాప్ గ్రూపులో, యూట్యూబ్ లైవ్‌లో పెట్టొద్దని చెప్పండి. రేపు వాడు ఒక కొత్త మాట పలికితే, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పమని స్టేజి ఎక్కిస్తారు. ఆ మాట వెనక మీ రెండేళ్ల కష్టం ఉంటుంది. చెప్పాలనిపిస్తే మీరు ఒక్కరే వెళ్లి చెప్పండి, వాణ్ణి నిలబెట్టకండి.

మీకోసం కూడా ఒకటి అడగండి. వారంలో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు మీ ఇంటికే వచ్చి రెండు గంటలు బాబుతో ఉండాలి. మొదట్లో మీరు పక్క గదిలోనే ఉండి, వాడు అలవాటు పడ్డాక పడుకోండి, బజారుకి వెళ్లండి, ఏమీ చెయ్యకుండా కూర్చోండి. ‘ప్రార్థనలో గుర్తు చేసుకుంటాం’ అన్నవాళ్లతో ‘బుధవారం మూడింటికి రండి’ అనడం మీకు మొహమాటంగా ఉంటుంది. అయినా అనండి. పర్లాకిమిడిలో మీరొక్కరే ఇలాంటి తల్లి కాదు. ఇంట్లోనే దాచిపెట్టుకున్న పిల్లలు వేరే సంఘాల్లోనూ, హిందూ ఇళ్లలోనూ, ఒడియా వాళ్లలోనూ ఉంటారు. సంఘం హాలు వారానికి ఒక పూట అందరు తల్లులకీ తెరిచి ఉంచితే, మతం అడగకుండా, అది చాలా పెద్ద పరిచర్య. ఇలాంటి పరిచర్యకి భవనం, నిధులు కావాలనుకుంటారు. చాప, నాలుగు బొమ్మలు, తప్పకుండా వచ్చే ఇద్దరు మనుషులు ఉంటే మొదలుపెట్టొచ్చు.

పింఛను విషయంలో మీ పుట్టింటి అమ్మ మాట వినకండి. 2024 నుంచి ఆంధ్రాలో దివ్యాంగులకి నెలకి 6,000 రూపాయలు ఇస్తున్న మాట నిజమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. గీతకి ఇవతల ఒక లెక్క, అవతల ఒక లెక్క చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ఆధార్‌తో ముడిపడ్డ ఈ రోజుల్లో లేని నివాసం చూపిస్తే దొరికిపోతారు, మీ అన్నయ్య కార్డూ ఇబ్బందిలో పడుతుంది. మీకు ఒడిశాలో మధుబాబు పింఛను పథకం ఉంది. మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టండి. దానికంటే ముందు కావాల్సింది వికలాంగ ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు). కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్లో దరఖాస్తు చేసి జిల్లా ప్రధాన ఆసుపత్రికి వెళ్లాలి. ఒడిశా ప్రభుత్వం భీమభోయి పేరుతో పెట్టే శిబిరాల్లో కూడా ఈ పని జరుగుతుంది. ఈ కార్డు దేశమంతా చెల్లుతుంది కాబట్టి రేపు కుటుంబమంతా సూరత్ వెళ్లినా పనికొస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం, అంతకు మించి అని రాస్తే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు వస్తుంది. ‘మా దగ్గర కుదరదు’ అని హెడ్‌మాస్టరు అనడానికి లేదు. నిరామయ ఆరోగ్య బీమా గురించి కూడా అడగండి. ఆటిజం ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఖర్చు ఇస్తుంది, థెరపీకి కూడా వర్తిస్తుంది. ఫారాలన్నీ ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. చదువుకున్న యూత్ పిల్లలు ఎందుకున్నారు? ఈ పని వాళ్లకి అప్పగించండి.

రెండు భాషల వల్ల మాటలు రావడం లేదన్నది ఒట్టి మాట. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషల మధ్య పెరగగలరు. మీకు మనసారా వచ్చిన భాషలోనే వాడితో మాట్లాడండి.

పాప గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు అది కొంచెం గుచ్చుకుంది. పదమూడేళ్ల పిల్ల, నాన్న దగ్గర లేడు, అమ్మ ధ్యాసంతా తమ్ముడి మీద, ఆదివారం నలుగురూ తిరిగి చూసేది తనవైపు కూడా. తమ్ముడంటే ప్రేమ లేక కాదు రానంటోంది. వాణ్ణి పట్టుకునే డ్యూటీ ఆ పిల్లదైతే ఈ వారం నుంచే తీసెయ్యండి. తను క్వాయర్లోనో, స్నేహితురాళ్లతోనో కూర్చోనివ్వండి. ఆ బుధవారం రెండు గంటల్లో కొన్నిసార్లు తనతోనే బయటికి వెళ్లండి. ‘పెద్దయ్యాక తమ్ముణ్ణి నువ్వే చూడాలి’ అని ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి. మీ ఆయనకి బాబు బాధలే కాకుండా వాడు చేసిన మంచి పని ఒకటి రోజూ వీడియో తీసి పంపండి. దూరంగా ఉన్న తండ్రికి చెడ్డ కబుర్లే వెళుతుంటే ఫోను ఎత్తాలంటేనే భయం పట్టుకుంటుంది.

గుడి మానేయాలా అంటే, ఇప్పుడే వద్దంటాను. అయ్యగారికి ఆ రెండు మాటలూ చెప్పి, స్త్రీల సమాజానికి పనులు అప్పగించి, క్రిస్మస్ దాకా చూడండి. మందు మానమని, పట్టుకుని ప్రార్థిస్తామని మళ్లీ ఎవరైనా అంటే, అయ్యగారు అప్పుడూ మౌనంగా ఉంటే, ఇంకో సంఘానికి మారండి. అలా మారడం విశ్వాసం వదులుకోవడం కాదు. కొత్త చోట చేరేముందు మాత్రం ఒక ఆదివారం మీరొక్కరే వెళ్లి, స్పీకర్లు ఎక్కడున్నాయో, బయటికి తలుపు ఎటుందో, పిల్లలు అల్లరి చేస్తే పెద్దలు ఏమంటున్నారో చూసి రండి.