గెడ్డ ఎటు పోతుందో ముందు చూడు

చి. అమ్ములుకి,

మావయ్య ఆశీస్సులు.

నీకు మంచినీళ్ళ పథకాల పని మీద పాడేరు పోస్టింగు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంగానే చెప్పింది గానీ, గొంతులో భయం దాగలేదు. “ఏజెన్సీ చలీ, జ్వరాలూ, అది ఒక్కతే...” అంటూ మొదలుపెట్టింది. “నువ్వు దుప్పటి సంగతి చూడు, కొండల సంగతి నేను రాస్తాను” అని ఫోన్ పెట్టేశాను. పన్నెండేళ్ళు ఆ కొండల్లో మంచినీళ్ళ పైపులు వేయించినవాణ్ణి. చేసిన పనిలో సగం బాగా చేశాను, సగం తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ రెండో సగమే నీకు ఎక్కువ పనికొస్తుంది.

మొదట ఒక భ్రమ వదిలించుకో. చోడవరం దాటి మాడుగుల వైపు వెళ్తుంటే ఎదురుగా కొండలు గోడ కట్టినట్టు నిలబడతాయి. ఘాట్ ఎక్కేస్తే గోడ దాటేసినట్టే, అవతల మళ్ళీ దిగుతామని అనుకుంటావు. దిగవు. అది గోడ కాదు, మెట్టు. పైకి వెళ్ళాక సుమారు 900 మీటర్ల ఎత్తున ఇంకో నేల మొదలవుతుంది. దానికీ పొలాలున్నాయి, పల్లాలున్నాయి, దాని మీద మళ్ళీ కొండలున్నాయి. స్కూల్లో తూర్పు కనుమలు గీయమంటే తీరం వెంబడి గొంగళిపురుగులా ఒక గీత గీసేవాళ్ళం కదా, అక్కడ చూస్తే ఆ గీత ఒక పెద్ద పీఠభూమికి తూర్పు అంచు మాత్రమే. ఆ పీఠభూమి ఒడిశాలో కొరాపుట్ దాకా పోతుంది. అక్కడినుంచి పడమరకు జయపురం దగ్గర 600 మీటర్లకు ఒక మెట్టు దిగుతుంది, ఆ తర్వాత మల్కనగిరి మైదానానికి ఇంకో మెట్టు. మనవైపు అర్మ కొండ 1680 మీటర్లు, వాళ్ళవైపు దేవమాలి 1672. ఎనిమిది మీటర్ల తేడా! అక్కడ సంతలో ఒరియా కుర్రాళ్ళు దొరికితే ఈ ఎనిమిది మీటర్ల మీద వాదన పెట్టుకో, పొద్దు గడుస్తుంది.

ఇక అసలు విషయం. ఆ ఊళ్ళలో ఎక్కడ నిలబడినా, కాగితం తీయకముందే ఒక్క ప్రశ్న వేసుకో: ఇక్కడ పడ్డ నీళ్ళు ఎటు పోతాయి?

సముద్రం తూర్పున ఉంది కాబట్టి తూర్పుకే పోతాయని మైదానంలో పుట్టినవాళ్ళం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. అంచు మీద పడ్డ వాన నిజంగానే తూర్పుకు పోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద కూడా ఆ కొండల్లోనే పుట్టి అనకాపల్లి మీదుగా దిగుతుంది. కానీ అంచుకి కాస్త లోపల పడ్డ చినుకు సముద్రానికి వీపు పెట్టి నడుస్తుంది. పాడేరు చుట్టుపక్కల గెడ్డలన్నీ, అంటే కొండవాగులన్నీ, మత్స్యగెడ్డలో కలుస్తాయి. మత్స్యగెడ్డ ఉత్తరానికి పోయి జోలాపుట్ జలాశయంలో చేరుతుంది. ఒరియావాళ్ళు మాచ్‌ఖండ్ అనేది ఈ మత్స్యగెడ్డనే. డుడుమ దగ్గర 150 మీటర్లకు పైగా ఒక్కసారిగా దూకి, అక్కడినుంచి సీలేరు పేరుతో దక్షిణానికి తిరిగి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. ఘాట్ అంచున పక్కపక్కనే పడ్డ రెండు చినుకుల్లో ఒకటి చూస్తూ ఉండగానే సముద్రం చేరితే, రెండోది రెండు రాష్ట్రాలు చుట్టి, నాలుగు పేర్లు మార్చుకుని, ధవళేశ్వరం దాటి చేరుతుంది. డుడుమ దగ్గరి ఆ దూకుడు మీదే 1955లో మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ నడిచింది, ఆ దిగువన సీలేరు పవర్‌హౌసులు వచ్చాయి.

ఇది నీకెందుకంటే, ఏ ఊరు ఏ గెడ్డకు చెందిందో తెలిస్తే ఆ ఊరి పెళ్ళిళ్ళూ, సంతా, గొడవలూ సగం అర్థమవుతాయి. రాష్ట్రం గీత తర్వాత వచ్చింది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక కొరాపుట్ అటు వెళ్ళింది గానీ, అంతకుముందు అంతా విశాఖ ఏజెన్సీయే. కొంతదూరం మత్స్యగెడ్డ నీళ్ళే సరిహద్దు. ఒడ్డున ఉన్నవాళ్ళకి అవతలి ఒడ్డు పరాయి రాష్ట్రం కాదు, వియ్యాలవారి ఊరు. సాలూరు ఎదురుగా ఉన్న కొఠియా ఊళ్ళు ఎవరివన్న తగాదా ఇప్పటికీ ఉంది. ఆ మాటల్లో నువ్వు నోరు పెట్టకు. ఎవరడిగినా “నీళ్ళ అమ్మాయిని” అని చెప్పు, చాలు.

రాయి సంగతి. రోడ్డు కోసం కోసిన గట్టు దగ్గర బండి ఆపి ఒక ముక్క చేతిలోకి తీసుకో. తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉండి, అందులో ఆవగింజంత, ఒక్కోసారి బఠాణీగింజంత ఎర్ర రాళ్ళు పొదిగి ఉంటాయి. అవి గార్నెట్లు. ఆ రాయి పేరు ఖోండలైటు, అక్కడి ఖోండు జనం పేరు మీదే పెట్టారు. సింహాచలం కొండా, విశాఖలో డాల్ఫిన్స్ నోసూ అదే రాయి. ఒకప్పటి బురద సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో ఉడికి ఇలా తయారైంది. అప్పట్లో ఈ నేలా అంటార్కిటికా నేలా ఒక్కటిగా ఉండేవట. మన చలికి ఆ చుట్టరికం కారణం కాదులే, చెప్పాలనిపించి చెప్పాను.

ఖోండలైటు గట్టిగా కనిపిస్తుంది గానీ వానకి లోపలినుంచి కుళ్ళిపోతుంది. కొండ నెత్తిన లక్షల ఏళ్ళ వాన సారమంతా కడిగేస్తే మిగిలేదే బాక్సైటు. గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల, ఇవన్నీ ఆ టోపీ పెట్టుకున్న కొండలే. కొరాపుట్ వైపు పంచపట్మాలి కొండ మీద 1980ల నుంచీ తవ్వుతున్నారు. తవ్వాలా వద్దా అని నన్నడిగితే వద్దనే అంటాను, కారణం నీళ్ళు. బాక్సైటు టోపీ నిండా చిల్లులే, స్పంజులాంటిది. వానాకాలమంతా తాగి, కింద కుళ్ళిన రాయి బంకమన్నుగా మారిన పొర దగ్గర ఆగి, అక్కడినుంచి పక్కలకి మెల్లగా కారుతుంది. నీ ఊటలన్నీ ఆ గీత మీదే దొరుకుతాయి. నెత్తి బోడిగా, గడ్డి మాత్రమే ఉండి, కొంచెం కిందుగా ఒక వరసలో చెట్లు పచ్చగా మొదలైన చోటు చూడు. ఏప్రిల్లో దూరంనుంచి చూస్తే కొండకి మొలతాడు కట్టినట్టు ఉంటుంది.

ఏప్రిల్ అని ఊరికే అనలేదు. నా మొదటి పెద్ద తప్పు అదే. కొత్తలో ఒక ఊరికి అక్టోబరులో వెళ్ళాను. ఊరి పైన గెడ్డ నురగలు కక్కుతూ పారుతోంది. ఇంక వెతకడం దేనికని అక్కడే అంచనా రాసేశాను. కొలత తీస్తుంటే ఒక ముసలమ్మ బిందె దించి, “బాబూ, అది వానగెడ్డ, ఊటగెడ్డ కాదు” అంది. నవ్వి ఊరుకున్నాను. తొట్టి కట్టాం, రెండు కిలోమీటర్లు పైపు వేశాం, కొళాయి తిప్పి చప్పట్లు కొట్టించుకున్నాం. మార్చి మొదటి వారానికి తొట్టెలో బల్లులు. ఆ ముసలమ్మ ఏమీ అనలేదు, బిందె పట్టుకుని నా ముందునుంచే పాత ఊటకి నడిచింది. ఆ నడక ఇప్పటికీ కళ్ళకి కనిపిస్తుంది.

అందుకని నీళ్ళ జాడ అడిగేది మగవాళ్ళని కాదు, ఆడవాళ్ళని. “ఎక్కడ నీళ్ళున్నాయి” అని అడక్కు, “ఎండల్లో ఎక్కడికి వెళ్తారు” అని అడుగు. వాళ్ళు చూపించిన చోటికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి నీ చేత్తో కొలువు. పెద్ద పరికరాలేం అక్కర్లేదు. నీళ్ళన్నీ ఒక రేకు డొప్పలోకి మళ్ళించి, ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి, వాచీ చూడు. 40 సెకన్లలో నిండితే సెకనుకి అర లీటరు, రోజుకి 43,200 లీటర్లు. మనిషికి 55 లీటర్ల లెక్కన 785 మందికి సరిపోతుంది. రాత్రంతా వృథాగా పోకుండా ట్యాంకు కడితేనే సుమా. మూడుసార్లు కొలిచి తక్కువ వచ్చింది రాసుకో, ఎక్కువ వచ్చింది మర్చిపో.

ఊట మొదట్లో దేవతకి మొక్కులు ఉంటాయి. పెద్దల్ని అడక్కుండా గునపం దించకు. వాళ్ళు ఫలానా చెట్టు కొట్టొద్దంటే దాని వెనక నీళ్ళ కారణం కూడా ఉంటుంది. ఊట పైన పోడు కొట్టారంటే మాత్రం కూర్చుని మాట్లాడు, కేసులూ అటవీశాఖా అని బెదిరించకు.

ఇప్పుడు ఎత్తుపల్లాలు. సర్వే ఆఫ్ ఇండియా షీటులో 1:50,000 కొలతకి ఒక ఎత్తు గీతకీ ఇంకో గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. ఆ 20 మీటర్ల మధ్య ఒక చిన్న మూపురం దాక్కుంటే కాగితం నీకు చెప్పదు. పైపు ఆ మూపురం ఎక్కిందంటే గాలి పట్టేసి, ఊట నిండా నీళ్ళున్నా కొళాయి రాదు. ఫోన్లో చూపించే ఎత్తుని అసలే నమ్మకు. లైనంతా కాళ్ళతో నడిచి, లెవెల్ (ఎత్తులు కొలిచే దుర్భిణి) పెట్టి చూడు. మూపురం తప్పకపోతే దాని నెత్తిన గాలి వాల్వు పెట్టు. దిగుడు కూడా అంతే ప్రమాదం. పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ఒత్తిడి. ఊటకి 80 మీటర్ల కింద ఊరుంటే, రాత్రి కొళాయిలన్నీ కట్టేసినప్పుడు ఎనిమిది కేజీలు పైపు మీద పడతాయి. ఆరు కేజీల పైపు వేసి, పగిలితే ఊరివాళ్ళు పాడు చేశారని రాసినవాళ్ళని చూశాను. మధ్యలో ఒత్తిడి విరిచే తొట్టి ఒకటి కడితే గొడవ తీరుతుంది. పైపుని గెడ్డ పాయ వెంట వేయకు, సులువుగా ఉందని చేయి లాగుతుంది. జులై, ఆగస్టుల్లో ఆ పాయలోనే బండలు దొర్లుతాయి. పాయకి పక్కగా, ఊరివాళ్ళు నడిచే బాట వెంట వేయి. ఆ బాటలు నీ మ్యాపులో ఉండవు గానీ, వందల ఏళ్ళుగా జారని నేల చూసి పడ్డవి అవి. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం మాటు వేసి ఇద్దరు ఇంగ్లీషు అధికారులను చంపిన చోటు చూస్తే, ఆ దారులు తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఎంతో తెలుస్తుంది.

చలి గురించి మీ అమ్మ భయం సగం నిజమే. డిసెంబరు, జనవరిలో లంబసింగిలో, చింతపల్లిలో వేడి సున్నా దగ్గరికి దిగిన రోజులున్నాయి. చిత్రమేమిటంటే కొండ మీద కన్నా పల్లంలోనే చలి ఎక్కువ. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్ళలాగే వాలు వెంట దిగి పల్లంలో నిలుస్తుంది. నీకు గది చూసుకునేటప్పుడు గెడ్డ ఒడ్డున అందంగా ఉందని తీసుకోకు, కాస్త మెరక మీద చూసుకో. ఆ గాలి తోటే మంచు కూడా. వంజంగి మీదకి మేఘాలు చూడ్డానికి జనం వస్తారే, ఆ మేఘాల కిందే నీ పని. తొమ్మిదీ పదీ దాకా లెవెల్లోంచి ఎదుట నిలబెట్టిన కొలత కర్ర కనిపించదు. ఏడింటికే పని మొదలుపెడదామని మనుషుల్ని పిలిచి చలిలో నిలబెట్టకు. ఆ వేళకి ఎవరింట్లోనైనా చోడి (రాగి) అంబలి పోస్తారు, కాదనకుండా తాగు.

జ్వరం మాట కూడా నీళ్ళదే. మన్యం జ్వరం (మలేరియా) తెచ్చే దోమల్లో ఒక జాతి మురుగులో కాదు, మెల్లగా కదిలే తేట గెడ్డల గడ్డి అంచుల్లో పుడుతుంది. నీ తొట్టి పొంగి పక్కన చిన్న మడుగు కట్టిందంటే ఊరికి నువ్వే జ్వరం తెచ్చినట్టు. పొంగునీళ్ళు పోవడానికి రాళ్ళ కాలవ కట్టించి ఏ పల్లప్పొలానికో వదులు. రాత్రి దోమతెర మానకు.

నవంబరు, డిసెంబరులో వలిసెపూలు పూసినప్పుడు వాలులన్నీ పసుపు రాసినట్టు ఉంటాయి. ఒక ఆదివారం ఖాళీ పెట్టుకుని ఊరికే తిరుగు. కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లు కొన్నిచోట్ల ఒకే ఈడువి కనిపిస్తే, 2014 హుద్‌హుద్‌కి పడిపోయాక మళ్ళీ నాటినవి అయ్యుంటాయి. తుపానంటే తీరందే అనుకుంటాం గానీ ఆ మెట్టెక్కి వచ్చి కొట్టింది.

నేను చెప్పిన ఆ ఊరు నీ డివిజన్లోనే ఉంది, పేరు ఫోన్లో చెప్తాను. ముసలమ్మ చూపించిన ఊట ఊరికి ఉత్తరాన, పనసచెట్ల పైన. తర్వాతి ఏడాది పైపు అక్కడినుంచే వేశాం. నేను ఆఖరిసారి కొలిచినప్పుడు ఏప్రిల్లో ఇరవై లీటర్ల బకెట్టుకి 70 సెకన్లు పట్టింది. వచ్చే ఏప్రిల్లో నువ్వు కొలిచి ఎన్ని సెకన్లో రాయి.

మీ మావయ్య