నానమ్మ సంగతి మిషన్‌లో ఉన్న బాబుకి చెప్పాలా?

వదినా, మోర్మన్ మిషన్‌కి, అంటే ఆ క్రైస్తవ చర్చి తరఫున ఇల్లు వదిలి చేసే మతప్రచార సేవకి, వెళ్ళిన బాబుకి వాళ్ళ నానమ్మ తుంటి ఎముక విరిగిన సంగతి చెప్పాలా, వద్దా అని అడిగారు కదా. చెప్పేయండి. మావాడు వెళ్ళినప్పుడు నేనూ ఇలాగే ఒకటి దాచాను. కాల్‌లో మా చిన్నది నోరు జారింది. "ఇంకేమేం దాచారు?" అన్నాడు వాడు. ఆ తర్వాత నేను కాస్త నీరసంగా కనిపించినా అనుమానమే!

2019 ఫిబ్రవరికి ముందైతే ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మిగతాదంతా ఈమెయిల్లోనే. ఇప్పుడు వారానికోసారి ప్రిపరేషన్ డే (సొంత పనులకి వాళ్ళకిచ్చే రోజు) నాడు వీడియో కాల్ చేసుకోవచ్చు కాబట్టి ముందే మెయిల్ పెట్టి టెన్షన్ పెట్టకండి. కాల్ మొదట్లోనే, "నానమ్మ పడింది, ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తోంది" అని ఒక్క ముక్కలో చెప్పి ఫోన్ ఆవిడ చేతికివ్వండి. మావాడైతే వాళ్ళ తాతయ్య దగ్గు విన్నాకే కుదుటపడ్డాడు. "నువ్వుంటే బాగుండేది" అని మాత్రం అనకండి, మిషన్‌లో ఉండే ఆ 24 నెలలూ వాడికి భారమైపోతాయి.

నిజంగా ప్రాణం మీదికొస్తే వారం దాకా ఆగక్కర్లేదు, అక్కడ వాళ్ళందరి బాధ్యత చూసే మిషన్ ప్రెసిడెంట్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇప్పుడే ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.